చిన్నోడి కుడిచెయ్యి

మా మరిదిని వీధంతా చిన్నోడంటుంది గానీ గుమ్మంలో పట్టని మనిషి. మా మాంసం కొట్టులో మొద్దు ముందు నిలబడ్డాడంటే ఎంత లావు ఎముకైనా ఒక్క వేటుకి రెండు కావలసిందే. మా ఆయన, అంటే వాడి అన్న, అదే ఎముకని నాలుగు దెబ్బలు కొట్టి నుజ్జు చేసేవాడు. ఇద్దరి మధ్యా నిప్పు అక్కడే రాజుకుంది.

ఒకరోజు కొనడానికొచ్చినవాళ్లంతా, "చిన్నోడు కొట్టి ఇస్తేనే తీసుకుంటాం" అన్నారు. మా ఆయనకి కోపం ముక్కుమీదే ఉంటుంది. కత్తి తిరగేసి, మొద్దుమీద ఆనించి ఉన్న తమ్ముడి కుడిచేతిని కత్తి వీపుతో బాదాడు. పటుక్కుమంది. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చింది. మొద్దుమీద మేక నెత్తురేదో, వాడి నెత్తురేదో తెలియలేదు. వాడు అరవలేదు. ఎడమచేత్తో అన్న జుట్టు పట్టుకుని, "ఇది అతుక్కోనీ. దీంతోనే నీ దవడ పగలగొడతా" అన్నాడు.

అతుక్కోలేదు. ఆస్పత్రిలో ఎముకకి స్టీలు ప్లేటు వేసి నెలలు గడిచినా విరిగిన రెండు కొసలూ ఎడమొహం పెడమొహంగానే ఉన్నాయి. చివరికి డాక్టరు, "ఇతని తుంటిలోంచే కాస్త ఎముక, మూలుగ తీసి ఆ సందులో నింపుతాను. అతుకు పడుతుంది" అన్నాడు.

మా ఆయన తలొంచుకుని, "తప్పు నాది. నా తుంటిలోంచి తియ్యండి" అన్నాడు. ఎవరిది వాళ్లకైతేనే బాగా కలుస్తుందని డాక్టరు చెప్పేలోపే చిన్నోడు మంచంమీంచి లేచాడు.

"వాడి ఎముక నా చేతిలో పెడితే, వాణ్ణే ఎట్లా కొట్టేది?"

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. వాడు నేను కొడుకులా సాకినవాడు. చెయ్యి బాగవ్వాలి. బాగైతే అది పడేది నా మొగుడి మొహంమీదే. ఏ దేవుడికి ఏమని మొక్కను?

ఆపరేషనయ్యాక చిన్నోడు తుంటి నొప్పితో కుంటుతూ తిరిగాడు. ఒకరోజు ఎక్స్‌రే చూసి, సందు పూడుతోందనీ, అతుకింకా లేతదనీ, బరువెత్తొద్దనీ డాక్టరు చెప్పాడు. చిన్నోడికి మొదటి ముక్కే వినబడింది. ఆస్పత్రి నుంచి నేరుగా కొట్టుకొచ్చాడు.

"డాక్టరేమన్నాడ్రా?" అన్నాడు మా ఆయన.

వాడు జవాబుగా పిడికిలి బిగించి బలంకొద్దీ గుద్దాడు. రెండు చప్పుళ్లు ఒక్కసారే వినబడ్డాయి. మా ఆయన పళ్లు తక్కెడలో పడ్డాయి. చిన్నోడి చెయ్యి ప్లేటుతో సహా వంగి వేలాడింది. అప్పుడు అరిచాడు.

ఇప్పుడిద్దరూ పక్కపక్క మంచాలమీద ఉన్నారు. ఒకడికి నమలడానికి దవడ లేదు, ఇంకొకడికి చెంచా ఎత్తడానికి చెయ్యి లేదు. గంజిగిన్నె పట్టుకుని మధ్యలో నేను.

డాక్టరు తల కొట్టుకుంటూ వచ్చి, "పెట్టిందంతా పాడుచేశావు కదయ్యా" అన్నాడు.

"రెండో తుంటి ఉందిగా సారూ" అన్నాడు చిన్నోడు. నవ్వుతూనే పక్క మంచం వైపు చూశాడు.

"ముట్టుకోకండి డాక్టరుగారూ" అన్నాను. "ఆ చెయ్యి అట్లాగే ఉండనివ్వండి."

చిన్నోడి నవ్వు ఆగిపోయింది. "వదినా" అన్నాడు. చెంచా నోటిదాకా పెట్టాను. వాడు నోరు తెరవలేదు.