రాతి కింద చేయి

మొన్న మధ్యాహ్నం భవానీపురంలో మా పిన్నివాళ్లింట్లో టీవీ చూస్తున్నాం. ఏదో చలిదేశపు సముద్రపొడ్డు, నల్లటి రాళ్లు, వాటి సందుల్లో వేలెడంత చేప. సముద్రం వెనక్కి తగ్గినా అది రాతిని వదలదట. కళ్లు మాత్రం పైకెత్తి అడుగున అలాగే నక్కి ఉంటుందట. అచ్చం మన ఇసుకదొందులా ఉందే అన్నాను. పిన్ని కుడిచేతిని కొంగులోకి లాక్కుంది. డెబ్బై దాటిన మనిషికి చేపను చూసి భయమేమిటని బయటివాళ్లు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

మా బాబాయికి ఇసుకదొందుల పులుసంటే ప్రాణం. లారీ మీద ఉత్తరాదికి వెళ్లి ఎన్నాళ్లకో తిరిగొచ్చేవాడు. రాగానే పెళ్లాన్ని పలకరించడం కంటే ముందు పొయ్యివైపు చూసేవాడు. ఆ చేపలు బ్యారేజీ దిగువన, గేట్లు మూసినప్పుడు మిగిలే మడుగుల్లో, బండల కింద ఉండేవి. చేత్తో తడిమి పట్టాలి. ఆయన వస్తున్నాడని కబురు అందిన పొద్దున నాయనమ్మ, పిన్ని, అప్పటికి చిన్నపిల్లనైన నేను వెళ్లాం. ఉయ్యూరు చెరకుతోటల్లో పెరిగిన పిన్నికి ఈ విద్య కొత్త, పెళ్లీ కొత్తే. చేతినిండా మట్టిగాజులు. ఒక దొందు బండకిందకి జారితే మోచేతిదాకా చేయి దూర్చింది. దూరిన చేయి తిరిగి రాలేదు. లోపల గాజులు అడ్డం తిరిగి రాతి అంచుకు పట్టేశాయి.

నేను ముందు నవ్వాను కూడా. అంతలో గేట్లు ఎత్తబోతున్నట్టు సైరన్ మోగింది. చుట్టుపక్కల వాళ్లంతా గంపలు ఎత్తుకుని గట్టెక్కుతున్నారు. ఒక్క గుంజు గుంజితే గాజులు పగిలి చేయి వచ్చేస్తుంది. పిన్ని గుంజదు. మా ఇళ్లలో గాజు పగిలిందని నోటితో కూడా అనరు, పెరిగిందంటారు. అలాంటిది మొగుడు దారిలో ఉండగా తన చేతిగాజులు తనే పగలగొట్టుకోవడమా?

"నా వల్ల కాదత్తయ్యా, ఆయన లారీ మీదున్నారు. మీరు పిల్లని తీసుకుని వెళ్లిపోండి," అంది.

నీళ్లు నా మోకాళ్లకొచ్చాయి. ఏడుపు కూడా రానంత భయం వేసింది.

నాయనమ్మ ఆ నీళ్లలోనే కూలబడింది. తాతయ్య పోయినప్పటినుంచి ఆవిడ చేతులకు గాజుల్లేవు. ఆ బోసిచేయి పిన్ని చేయి పక్కనుంచి సులువుగా లోపలికి వెళ్లిపోయింది.

"కళ్లు మూసుకో. విరిచేది నేను, నువ్వు కాదు. వచ్చేదేదో నాకే రానీ. వాడు నా కొడుకేనే," అంది.

ఒక్కొక్క గాజునీ వేళ్లతో నొక్కి విరిచేసింది. చప్పుడేమీ వినిపించలేదు. ఎవరి రక్తమో ఎర్రగా పైకి తేలింది.

గట్టెక్కి చూస్తే ఆ బండ కనబడలేదు. దారిలోనే నాయనమ్మ పిన్నికి కొత్త గాజులు తొడిగించింది. అయినా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. సాయంత్రం లారీ హారన్ వినబడగానే నాయనమ్మ వీధిలోకి పరిగెత్తింది. బాబాయి దిగుతూనే, "పులుసు వాసన రావట్లేదేంటే?" అన్నాడు. పిన్ని భోరున ఏడ్చింది.

ఆయనకిప్పుడు ఎనభై. మొన్న మేం టీవీ చూస్తుంటే మందుల షాపుకని వెళ్లి కాస్త ఆలస్యం చేశాడు. పిన్ని గుమ్మంవైపే చూస్తూ కొంగులో గాజులు తడుముకుంటోంది. ఆ రోజు వచ్చిన నీళ్లు ఎప్పుడో హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసిపోయుంటాయి. ఆవిడ చేయి మాత్రం ఇన్నేళ్లయినా ఆ రాతి కిందే ఉంది.