కాటా బాపురావు బండి రిపేరు

బోధన్‌లో నన్ను మొట్టమొదట దొంగ అన్నది కాటా బాపురావు. ముఖం మీద అన్నా బాగుండేది, అక్కడికక్కడే తేల్చుకునేవాణ్ణి. నా షాపుకు ఎదురుగా ఉన్న రాజారాం హోటల్లో కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, రోడ్డు ఇవతల నాకు వినబడేంత గట్టిగా అన్నాడు.

"నాగేందర్ ఒరిజినల్ సామాను ఉంచుకుంటడు, డూప్లికేట్ బిగిస్తడు. నా బండికి గదే జేసిండు. ఇగ మీ బండ్లు మీరు సూసుకోండ్రి."

నాగేందర్ అంటే నేనే. పాత బస్టాండు దగ్గర ఇరవై ఏళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేసి బతుకుతున్నాను. మెకానిక్ చేతిలో ఎంత పనితనం ఉన్నా, ఊళ్లో పేరు పోయిందంటే షాపు ముందు ఈగలు తోలుకోవడమే.

బాపురావు సంగతి చెప్పాలి. చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు తూచే కాటా మీద ఇరవై ఏడేళ్లు గుమాస్తాగా చేశాడు. సీజనులో ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి. రైతు చెరుకు కట్టలో మట్టి కుక్కాడేమోనని చెయ్యి దూర్చి చూసేవాడు. బరువు పెరగడానికి బండి కింద ఎవడైనా వేలాడుతున్నాడేమోనని వంగి చూసేవాడు. కాటా పలక మీద ఎవరి కాలైనా ఆనిందేమోనని చుట్టూ తిరిగి వచ్చేవాడు. రైతులు కూడా తక్కువ తినలేదు, గుమాస్తా ఎక్కడ కోత పెడతాడోనని అతని వేళ్లనే చూస్తూ నిలబడేవారు. ఫ్యాక్టరీ మూతబడింది, కాటా పోయింది. అనుమానాన్ని మాత్రం బాపురావు భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

బండి నా దగ్గరికి తెచ్చినప్పుడల్లా స్టూలు లాక్కుని నా మోకాలి పక్కనే కూర్చునేవాడు. కార్బొరేటర్ మీద, ప్లగ్గు మీద, చివరికి హారన్ మీద కూడా భార్య తారాబాయి గోళ్ల రంగుతో చుక్కలు పెట్టుకొచ్చేవాడు, నేను మార్చేస్తానేమోనని. నేను ఆవలించినా ఎందుకు ఆవలించావని అడిగేవాడు. పెద్దమనిషి కదా అని పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాను.

దసరా ముందు మాక్లూర్ దారిలో బండి గుంతలో పడి ఫుట్‌రెస్టు రాడ్డు వంగింది. దాన్ని సాపు చేసి, తుప్పు పట్టిన నాలుగు బోల్టులు తీసేసి కొత్తవి వేశాను. పాత బోల్టులు కాగితంలో చుట్టి ఇమ్మన్నాడు, ఇచ్చాను. ఇంటికి పోయాక అతనికి గుర్తొచ్చింది, ఫుట్‌రెస్టు మీద రంగు చుక్క పెట్టడం మరిచిపోయానని. అంతే, తన రాడ్డే బిగించానా, వేరేది బిగించానా అని చూడటానికి బండిని ఇంట్లోనే విప్పడం మొదలుపెట్టాడు. చూశారా, బాగున్న బండిని!

పానా పెట్టి తిప్పితే బోల్టు తల అరిగిపోయింది. రెండోదీ అరిగింది, నాలుగూ అరిగాయి. కొత్త బోల్టు అట్లా అరుగుతుందా, ఇది మైనపు బోల్టు, నాగేందర్ మోసం చేశాడు అన్నాడు. వాటిని ఉలితో కొట్టి ఊడదీసి, నిజామాబాద్ పోయి, కంఠేశ్వర్ దగ్గరి దుకాణంలో తనే వేరే బోల్టులు కొనుక్కొచ్చాడు. అవీ అరిగాయి. ఆ దుకాణంలో నా బామ్మర్ది శ్రీధర్ పనిచేస్తాడని ఎవడో చెవిన వేశాడు. ఇక చెప్పాలా, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

పదిహేను రోజుల్లో నా షాపుకు గిరాకీ పలచబడింది. ఎప్పుడూ నా దగ్గరికే వచ్చే స్కూలు సారు బండిని నా ముందు నుంచే అవతలి మెకానిక్ దగ్గరికి నెట్టుకుపోయాడు. కిరాణం సేటు పాత క్లచ్ ప్లేట్లు వాసన చూసి మరీ తీసుకుపోయాడు. వాసన చూస్తే ఏం తెలుస్తుందో ఆయనకే తెలియాలి. ఇవన్నీ ఒక ఎత్తు. అన్నం వడ్డిస్తూ నా భార్య సుమన మెల్లగా అడిగింది, "నిజం జెప్పు, గట్లేమన్న జేసినవా?" అని. ఆ ముద్ద కంచంలోనే పెట్టేసి లేచాను.

మరి బోల్టులెందుకు అరుగుతున్నాయి? నాకే అనుమానం పట్టుకుంది. నా షాపు బోల్టులూ అక్కడివే కాబట్టి నిజామాబాద్ పోయి శ్రీధర్‌ను నిలదీశాను. అక్కడే నాలుగు బోల్టులు తీసి ఆకురాయి పెట్టి గీకి చూశాను. గట్టివే. శ్రీధర్‌కు కోపమొచ్చింది.

"బావా, నువ్వు గూడ కాటా బాపురావు లెక్కనే తయారైనవ్," అన్నాడు.

సిగ్గేసింది. ఆ ఆదివారం ఏదైతే అదైందని బాపురావు ఇంటికే పోయాను.

వాకిట్లో రేకుల కింద బండి ఇటుకల మీద ఎక్కి ఉంది. నట్లు ఇడ్లీ ప్లేటు గుంతల్లో ఉన్నాయి, కిరసనాయిలు దోసె పెనంలో ఉంది. బాపురావు బొటనవేలికి గుడ్డ కట్టుకుని, ఒక చేత్తో ఉలి, ఒక చేత్తో సుత్తి పట్టుకున్నాడు. బోల్టు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక నోట్లో పకడు, అదే పట్టకారు, కరిచాడు. పక్కన తారాబాయి టార్చి లైటు పట్టుకుని నిలబడింది.

"లైటు బోల్టు మీద గొట్టుమంటే నా కండ్లల్ల గొడుతవేందే?" అని నోట్లోంచి పకడు తీసి అరిచాడు. "గాడ ఒక వాచరు పెట్టిన, ఏమైంది? నువ్వే ఊడ్సినవ్."

"నీ వాచరు నాకెందుకు, ముక్కుపుల్లకు పెట్టుకుంటనా?" అంది తారాబాయి.

వాచరు అతని చెప్పు కింద ఉంది. నేను చూశాను కానీ చెప్పలేదు. చెబితే నేనే పెట్టానంటాడు.

నన్ను చూడగానే పానాల పెట్టె మీద కాలు వేశాడు. "ఏం ఎత్కపోదామని వచ్చినవ్?"

"ఏం ఎత్కపోను కాక. ఒక్క పాలి నీ పానా సూడనియ్యి."

జానెడు పొడుగున్న పాత పానా, నల్లగా, బరువుగా ఉంది. ఫ్యాక్టరీ మూతబడ్డ నాడు ఫిట్టర్ ధనుంజయ్ తన సొంత సెట్టు గుర్తుగా ఇచ్చాడట. బాపురావు దానికి నూనె రాసి, గుడ్డలో చుట్టి, దేవుడి పటాల కింద పెట్టుకున్నాడు. పానా తిప్పి అంకె చూశాను. ఒకటి, కింద గీత, రెండు. అర ఇంచు.

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఫ్యాక్టరీ మిషన్లు పాతకాలానివి, అన్నీ ఇంచుల కొలతలు. మన బండ్లన్నీ మిల్లీమీటర్లు. ఫుట్‌రెస్టు బోల్టుకు పన్నెండో నంబరు పానా కావాలి. అర ఇంచు దానికంటే కొంచెమే పెద్దది. పడుతుంది, పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టగానే జారి తల కొరికేస్తుంది. చక్రం నట్టుకు మాత్రం అతని పెద్ద పానా అచ్చంగా సరిపోయింది. అది నున్నగా విప్పుకుంది కాబట్టి పానాల మీద బాపురావుకు అనుమానమే రాలేదు. లోకంలో అతను అనుమానించనివి ఏవైనా ఉన్నాయంటే ఆ పానాలే.

"కాక, నీ పానా పెద్దగున్నది," అన్నాను.

"నా పానా పెద్దగున్నది, నీ బోల్టు సిన్నగున్నది, నీ మాట మాత్రం సక్కగున్నది. యాభై ఏండ్లు మిషన్లు తిప్పిన పానాకు నువ్వు వంక పెడుతవా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వాదిస్తే లాభం లేదు. జేబులోంచి కొత్త బోల్టు, నా పన్నెండో నంబరు పానా తీసి అతని ముందు పెట్టాను.

"నేను ముట్ట. నువ్వే కొలువు."

కొలవమంటే బాపురావు కాదనలేడు. బోల్టును ఎండకు పట్టి చూశాడు, గోటితో గీరాడు. నా పానా పెట్టి ఊపాడు. కదల్లేదు. తీసి, తన పానా పెట్టి ఊపాడు. టకటకమంది. మళ్లీ నాది పెట్టాడు, మళ్లీ తనది. స్టీలు స్కేలు తెచ్చి రెండు పానాల నోళ్లూ కొలిచాడు. ఎంతసేపు కొలిచాడంటే తారాబాయి టార్చి ఆర్పేసి గడప మీద కూర్చుంది.

"గింత తేడాకు కాటా మీద రైతుల్ని నిలవెట్టి తిట్టేటోనివి గద," అంది.

బాపురావు పానాను గుడ్డతో తుడిచి కింద పెట్టాడు.

"కాక, నువ్వు నన్ను హోటల్ల అన్నవ్. హోటల్లనే జెప్పాలె," అన్నాను. అతను తలూపాడు.

మరునాడు పొద్దున బండిని నెట్టుకుంటూ వచ్చాడు. హోటల్ ముందు ఆపి, నిలబడే చెప్పాడు. "నాగేందర్ సామాను ఒరిజినలే. తప్పు నాది. నా పానా పడలే."

హోటల్లో నవ్వులు మొదలయ్యాయి. "ఎన్ని చాయ్‌లు తాగిపిచ్చిండు నాగేందర్?" అన్నాడొకడు. మూలన కూర్చున్న కాశయ్య, చెరుకు పండించినంతకాలం కాటా దగ్గర బాపురావుతో తగాదా పడ్డ రైతు, గ్లాసు కింద పెట్టి అన్నాడు, "మా చెరుకు తక్కువ తూగిననాడు గూడ కాటా తప్పు లేదంటివి. నీ మాట ఎట్ల నమ్మాలె పటేలా?"

బాపురావు ముఖం నల్లబడింది. పాపం అనిపించింది నాకు. కానీ ఇతని మాటే ఎవరూ నమ్మకపోతే నా పేరు ఇక లేవదనుకున్నాను. అతను బండిని రోడ్డు దాటించి నా షాపు ముందు స్టాండు వేసి, తాళం నా అరచేతిలో పెట్టాడు.

"ఇంజన్ల గూడ సప్పుడొస్తున్నది. మొత్తం ఇప్పు. పొద్దుగూకంగ వస్త."

అలవాటు కొద్దీ స్టూలు జరిపాను. "ఇంటికాడ పనున్నది," అని నడిచిపోయాడు. కాశయ్య హోటల్ గడపలోకి వచ్చి, వెనక్కి తిరిగి చూస్తాడేమోనని మలుపు దాకా అతన్నే చూశాడు. బాపురావు చూడలేదు. కాశయ్య రోడ్డు దాటి వచ్చి, "రేపు నా బండి గూడ తెస్త, జర సూడు," అన్నాడు.

ఇంజన్ ముందు కూర్చున్నాను. పక్కన ఎవరూ లేరు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, మూతకున్న ఒక్కో బోల్టుకూ పానా అంకె రెండుసార్లు చూసి పెట్టాను. ఇప్పుడు ఏం చెడినా తప్పు నా చేతులదే.