పసుపు పోగు చీర

కోడుమూరులో నేతగాళ్ల వీధి వెంట నడిస్తే, ఏ ఇంట్లో ఎవరు మగ్గం మీద కూర్చున్నారో చప్పుడును బట్టే చెప్పేయవచ్చు. ఉరుకుందమ్మ మగ్గం చప్పుడు నిదానంగా, ఒకే తీరుగా వచ్చేది. నడుమ ఆగిందంటే ఆమె లేచి భర్త మద్దయ్య నోటికి గంజి అందిస్తోందనో, అతన్ని పక్కకు తిప్పి పడుకోబెడుతోందనో అర్థం. అతనికి పక్షవాతం వచ్చి కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట కూడా సగమే వస్తుంది. పక్కింటి మాబున్ని చెవి ఎప్పుడూ ఆ చప్పుడు మీదే ఉండేది. ఎంతకీ మళ్లీ మొదలు కాకపోతే, చేతిలో ఉన్న పని అట్లాగే వదిలి వచ్చి మంచానికి అవతలి పక్క పట్టుకునేది. పిలవాల్సిన పని ఉండేది కాదు.

మద్దయ్య పడిపోయిన కొత్తలో ఉరుకుందమ్మ నందవరం చౌడేశ్వరమ్మకు మొక్కుకుంది. "తల్లీ, ఆయన్ను లేపి కూర్చోబెట్టు. నా చేత్తో నేసిన చీర నీకు కట్టిస్తా" అని.

నేసేవాళ్లకు చీర ఒక మొక్కా అని ఎవరైనా అనుకోవచ్చు. కానీ ఆ వీధిలో అందరూ నేసేది సావుకారి నూలు. ఆ చీర సావుకారిదే. అమ్మవారికి ఇచ్చేది మాత్రం సొంత నూలుతో నేయాలి. ఉరుకుందమ్మ కూరలో నూనె తగ్గించుకుని, కొంచెం కొంచెంగా నూలు కొని దాచింది. రెండు చీరలకు సరిపడా పడుగు సాగదీసింది. మొదటిది అమ్మకు, రెండోది ఇంటికి. రోజూ తలకు పోసుకుని, తడి ఆరకముందే మగ్గం గుంతలో దిగేది. మొక్కుబడి చీరకు మొదటి పోగు పసుపు నీళ్లలో ముంచి వేస్తారు. చీర మొదట్లో వెంట్రుక మందాన పచ్చటి గీత కనబడుతుంది. తెలియనివాళ్లకు అది అంచులో కలిసిపోతుంది. తెలిసినవాళ్లకు మాత్రం అది ఎవరి చీరో అర్థమవుతుంది.

మగ్గం మీద నుంచి ఆ చీర కోసి మడిచిన వారమే సావుకారు ఇకమీదట నూలు ఇవ్వనని చెప్పేశాడు. మిషన్ చీరలు వచ్చి పడ్డాక చేతి చీరలు అతని అంగట్లో అట్లాగే ఉండిపోతున్నాయి. అప్పటికే వీధిలో ఆడవాళ్లు కొందరు బెంగళూరు గార్మెంట్స్‌కు వెళ్లిపోయారు. వాళ్లను తీసుకుపోయే వ్యాను వాడు ఉరుకుందమ్మ గడపలో కూడా ఒకసారి నిలబడి, వస్తావా అని అడిగిపోయాడు. పోతే పండగకు తప్ప రావడం ఉండదు. మరి మద్దయ్య నోటికి అన్నం పెట్టేదెవరు?

అప్పుడే మరిది ఓబులేషు ఆ కబురు తెచ్చాడు. ఓర్వకల్లు దగ్గర ఎవరో ట్రస్టువాళ్లు ఆడపిల్లలకు నేత నేర్పే కేంద్రం పెడుతున్నారు. నేర్పించేదానికి ఒక మనిషి కావాలి. పొద్దున బస్సుకు పోయి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి రావచ్చు. ఉరుకుందమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్తకు రెండు పూటలా తన చేత్తోనే అన్నం పెట్టుకోవచ్చు. ఆమె కోరింది అంతే.

ఇంటర్వ్యూకు బయలుదేరే పొద్దున ఓబులేషు మళ్లీ వచ్చాడు. "వదినా, ఉత్త చేతుల్తో పోతాండావా యేంది?"

"మగ్గం మీది నాడె చేత పట్టుకొని పోవల్లనా అప్పా?"

"నగబాకు వదినా. నాకు వాచ్‌మన్ పని యెట్లొచ్చిందో తెలుసు గదా. సారు ఇంటికి యేరుశెనక్కాయల మూట దించినా. అడుగుతారా వాళ్లు? అడగరు. మనమే తెలుసుకోవల్ల. ఆ చీర పెట్టుకో."

"అది అమ్మదప్పా!"

"అమ్మకు చీరలు తక్కువా? పడుగు ఇంకా ఉండాది. ఆయమ్మకు రెండోది ఇయ్యి. ఒగ నెల ఆలస్యమైతే కోప్పడదు."

గుమ్మంలో నిలబడిన మాబున్ని ఊరుకోలేదు. "ఓబులేషూ, నువ్వు దేవుని సొమ్ము కూడా వాయిదాలేస్తాండావే! ఒద్దక్కా, నువ్వు ఉత్త చేతుల్తోనే పో. నీ చెయ్యే చాలు."

"నీకేం తెల్సు మాబున్నీ! రేపు పని రాకపోతే అన్న నోట్లో కూడు నువ్వు పెడ్తావా?"

మంచం మీద నుంచి మద్దయ్య ఏదో అన్నాడు. అర్థం కాలేదు. ఉరుకుందమ్మ పెట్టె తెరిచి చీర తీసి, సంచిలో అడుగున పెట్టుకుంది. తీసేటప్పుడు చీరను కళ్లకద్దుకుంది. ఇయ్యాల్సిన పని రాకపోతే మళ్లీ తెచ్చి పెట్టెలో పెడతాలే అనుకుంది.

ఓర్వకల్లు రాళ్ల గుట్టల పక్కన, రేకుల కప్పు కింద కేంద్రం. లోపల బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమ స్వర్ణలత మేడమ్. ఆమె పక్కన ఉమామహేశ్ అనే సారు, చివర కాగితాలు చూసే అబ్బాయి. మూలన ఉన్న మగ్గం మీద నేయించి చూశారు. కొత్త మగ్గమైనా ఉరుకుందమ్మ కాసేపటికే దాన్ని దారికి తెచ్చుకుంది.

"పిల్లలు తప్పు నేస్తే ఏం చేస్తావమ్మా?" అని మేడమ్ అడిగింది.

"విప్పించి మళ్ల నేయిస్తా మేడమ్. తిట్టను. తిడితే చెయ్యి బిగుసుకుంటాది, పోగు తెగుతాది."

మేడమ్ నవ్వింది. ఉమామహేశ్ తల ఊపాడు. "సరేనమ్మా, పోయి రా. కబురు చేస్తాం" అన్నారు.

ఉరుకుందమ్మ దండం పెట్టి వాకిలి దాకా వచ్చింది. బయట బెంచీ మీద ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్లోనూ సంచులే. వాటిలో ఏముందో ఆమెకు తెలియదు. అన్నం డబ్బాలు కావచ్చు. కానీ ఆ క్షణంలో ఓబులేషు మాట చెవిలో మోగింది. భర్త తెరిచిన నోరు కళ్ల ముందర కనబడింది. ఆమె వెనక్కి తిరిగి, బల్ల దగ్గరకు పోయి, చీర తీసి స్వర్ణలత ముందర పెట్టింది.

"మా ఇంట్లో నేసింది మేడమ్. మీరు కట్టుకోవల్ల."

రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినబడింది.

"తీసుకోండి మేడమ్, పల్లెటూరి మర్యాద" అన్నాడు ఉమామహేశ్, మెల్లగా.

స్వర్ణలత చీర మడత విప్పింది. అంచు వెంట వేలితో తడుముతూ పోయింది. మొదట్లో ఉన్న పచ్చటి గీత దగ్గర ఆ వేలు ఆగిపోయింది. ఆమెది మాధవరం, అదీ నేతగాళ్ల ఊరే. ఆమె తల్లి నేసే మనిషే.

"ఇది ఎవరి చీరమ్మా?"

ఇంటికే నేశానని ఒక్క ముక్క చెబితే ఉరుకుందమ్మకు సరిపోయేది. కానీ ఆ గీత మీద వేలు ఉండగా అబద్ధం ఎట్లా వస్తుంది?

"అమ్మవారిది" అంది.

"కూర్చో." స్వర్ణలత తన నీళ్ల సీసా ముందుకు జరిపింది. "నీ చెయ్యి మంచిదమ్మా. ఇంతమందిలో ఆ చెయ్యి ఇంకొకరికి లేదు. కానీ ఇప్పుడు నిన్ను తీసుకుంటే ఏమైతాది? చీర ఇచ్చినందుకు తీసుకున్నానని ఈ గదిలో ఇంకో ఇద్దరికి తెలుసు. ఈ చీర వెనక్కి ఇచ్చేసినా అంతే. రేపు బయట ఉన్నవాళ్లు వచ్చి, మేం ఏం ఇయ్యాల్సింది అని అడిగితే నేను ఏ మొగం పెట్టుకొని చెప్పేది?"

"నాది తప్పే మేడమ్. నేను పెట్టలేదనుకోండి."

"పెట్టినావు గదమ్మా" అంది స్వర్ణలత. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, ఉరుకుందమ్మ బతిమాలుకునేది. స్వర్ణలత చీరను మడతలు చెడకుండా మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. కాగితాలు చూసే అబ్బాయి తల వంచుకుని ఒక పేరు కొట్టేశాడు. ఎండ ఎక్కువగా ఉందని స్వర్ణలత అటెండరును పంపి రోడ్డు మీద బస్సు ఆపించింది. ఆ రోజుకు ఆమె చేయగలిగిన మేలు అదే.

ఉరుకుందమ్మ ఇల్లు చేరాక ఓబులేషు ఆరా తీశాడు. విని, గడపలోనే కూలబడ్డాడు. "నేనే సెడగొట్టినా వదినా" అన్నాడు. మళ్లీ తనే, "పోనీలే, చీర వచ్చింది గదా. గుడికి తీసుకపోదాం. పూజారికి యేం తెల్సు?" అన్నాడు.

"ఆయమ్మకు తెలీదా అప్పా?"

అతను కండువాతో మొహం తుడుచుకుని లేచిపోయాడు.

ఒకరికి పెట్టిన చీరను అమ్మకు కట్టించే మనసు ఆమెకు రాలేదు. అమ్మ పేరున నేసిన దాన్ని తాను కట్టుకోలేదు, అంగట్లో అమ్మలేదు. మర్నాడు తలకు పోసుకుని, మొదటి పేక పోగును పసుపు నీళ్లలో ముంచి, మిగిలిన పడుగు మీద మళ్లీ మొదలుపెట్టింది. ఇంటికని దాచుకున్న రెండో చీర అమ్మదైంది. దాన్ని నందవరం తీసుకుపోయి, అమ్మ ముందర పెట్టి, "తప్పైంది తల్లీ" అని మాత్రం అంది. ఇంకేం కోరలేదు. తిరిగి వచ్చాక వ్యాను వాడికి కబురు పంపింది.

"అక్కా, అన్న కూడు గురించి దిగులు పెట్టుకోవద్దు. మా ఇంట్లో పొయ్యి వెలిగితే ఆయప్పకు గూడా వెలిగినట్లే" అంది మాబున్ని, బయలుదేరే పొద్దున. "తినిపిస్తా. కానీ లేపి కూర్చోబెట్టేదే నా వల్ల గాదు. నడుము పట్టేస్తాది."

ఉరుకుందమ్మ మంచం పైనున్న దూలం వంక చూసింది. పెట్టె తెరిచి ఓర్వకల్లు పోయొచ్చిన చీర బయటకు తీసింది. తాడులాగా బిగించి పేనింది. మంచానికి పైన దూలానికి కట్టి, రెండో కొసకు ముడి వేసింది. ఆ ముడి పక్కనే పచ్చటి గీత వంకర తిరిగి కనబడుతోంది. మద్దయ్య ఎడమ చేతిని ఎత్తి ముడి మీద పెట్టింది.

"పట్టుకో. గట్టిగా లాగు."

అతను లాగాడు. జారిపోయాడు. మళ్లీ లాగాడు. దూలం కిర్రుమంది. నడుము మంచం మీద నుంచి కొంచెం లేచింది, ఇంకొంచెం లేచింది. గోడకు వీపు ఆనించి కూర్చున్నాక అతను రొప్పుతూ భార్య మొహంలోకి చూశాడు.

వీధి చివర వ్యాను హారన్ కొడుతోంది. ఉరుకుందమ్మ సంచి అందుకుంది.