వెళ్లొస్తానన్న పడవ

2019. బందరులో మా మేడమీది గదే నా ఆఫీసు. కిటికీలోంచి సముద్రం కనిపించదు గానీ గాలి ఉప్పగా తగులుతుంది. రేవు దగ్గరి మత్స్యకారుల సంఘం ఒకదానికి ఆ గదిలోనే చిన్న యాప్ రాశాను. వేటకు వెళ్లేటప్పుడు ఒక బటన్, తిరిగొచ్చాక ఒక బటన్. మొదటిదాని మీద ‘వెళ్తున్నాను’ అని పెడితే ఒక్కరూ నొక్కలేదు.

“సముద్రం మీదికి వెళ్తా ఎవడన్నా ఆ మాటంటాడా అల్లుడూ? వెళ్లొస్తానని రాయి” అన్నాడు నాంచారయ్య మావయ్య, అక్కడి పడవల్లో ఒకదాని యజమాని. మార్చాను. అందరూ నొక్కారు.

మా పనిలో ‘ప్రామిస్’ అని ఒకటుంది. సర్వర్‌ను ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ‘తర్వాత చెప్తాను’ అన్న మాట ముందు చేతికొస్తుంది. అదే ప్రామిస్. అసలు జవాబు వచ్చేదాకా ఆగాలంటే ‘అవెయిట్’ అని రాయాలి. ఇలాంటివాటిని సంబాళించడానికి ఎవరో రాసిపెట్టిన కోడ్‌ను లైబ్రరీ అంటాం. ఆ చలికాలం పాత లైబ్రరీ తీసేసి కొత్తది పెడుతూ ఒక్కచోట అవెయిట్ మర్చిపోయాను. ఇక ‘ఈ పడవ వచ్చిందా?’ అని అడిగితే, చేతిలో ఉన్న ఉత్త మాటనే ప్రోగ్రాం అవునని తీసుకుంది.

సాయంత్రాలు, ఇంకా రావలసిన పడవల జాబితా ఖాళీగా ఉండేది. పడవలూ నిజంగానే వస్తున్నాయి గనక ఎవరికీ అనుమానం రాలేదు. పొగమంచులో, ఏరు సముద్రంలో కలిసే మొగలాగా తెల్లటి తెర. చూసి ముచ్చటపడేవాణ్ణి.

ఒకరోజు మావయ్య పడవ రాలేదు. సంఘం ఆఫీసులో జాబితా చూసే క్లర్కు సుగుణ గారు, తెర ఖాళీగా ఉందని తాళం వేసి గూడూరు బస్సెక్కారు. ఎవరూ వెతకలేదు. ఇంజను చెడిన ఆ పడవ మర్నాడు మధ్యాహ్నం దివిసీమ వైపు కొట్టుకుపోతూ వేరేవాళ్ల కంటపడింది. మావయ్య బతికాడు గానీ, మూడు రోజులు మనుషుల్ని గుర్తుపట్టలేదు.

ఇంటికెళ్లే తొందరలో సుగుణ గారే ఆ పడవకు ‘వచ్చాను’ నొక్కేశారని సంఘం తేల్చింది. ఆవిడ నా దగ్గరికొచ్చారు.

“నేను నొక్కలేదండీ. మీ కంప్యూటరుకి తెలుస్తుంది కదా.”

“చూసి చెప్తానండీ” అన్నాను.

చూశాను. ఆవిడ నొక్కలేదు. మర్చిపోయిన అవెయిట్ చేర్చి ఊరుకున్నాను. చెప్పలేదు. ఆవిడను మాన్పించారు.

ఆ తర్వాత ఒకే కల చాలాసార్లు వచ్చింది. తెల్లటి నీళ్ల మీద చప్పుడు లేకుండా పడవలొస్తుంటాయి. ఒక్కదానిలోనూ మనుషులుండరు.

పోయిన నెల బందరు బస్టాండులో సుగుణ గారు కనిపించారు. బంటుమిల్లిలో రొయ్యల మేత కొట్లో పనిట. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను.

“చూసి చెప్తానన్నారని ఫోన్ పక్కనే పెట్టుకు పడుకునేదాన్నండీ. ఇప్పుడు చెప్పాల్సింది నాక్కాదు. నాంచారయ్య గారు ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు.”

తప్పు నాదేనని సంఘానికి ఉత్తరం రాసిచ్చి, మావయ్య దగ్గరికి వెళ్లి అదే చెప్పాను. వల బాగుచేసుకుంటున్న చేతులు ఆగిపోయాయి. నన్ను తిట్టలేదు. అల్లుడూ అని కూడా అనలేదు. “ఆ అమ్మాయిని రమ్మను” అన్నాడంతే.

ఫోన్ చేస్తే సుగుణ గారు వస్తానన్నారు. ‘వస్తానన్నారు’ అని ఆయనకు చెప్పి ఇంటికెళ్లిపోవచ్చు. ఇన్నేళ్లుగా నేను చేసింది అదే. ఆరోజు మాత్రం ఆయన అరుగు మీదే కూర్చున్నాను, రోడ్డు చూస్తూ. ఆవిడ ఆటో దిగాక లేచాను.