మేడ మీది నీలం వైరు

ఇంటి ఓనరు కరెంటుని దానమ్మ కూతురు ఎలిజబెత్ దొంగిలిస్తోందని భీమడోలు స్టేషను వెనక వీధిలో ఒక మాట పుట్టింది. చూసినవాళ్ళున్నారు మరి. మేడ మీది కిటికీలోంచి ఒక నీలం వైరు గోడవారగా దిగి, కింద వెనక వాటాలోకి, అంటే దానమ్మ వాళ్ళ అద్దె గదిలోకి దూరింది. ఎదురింటి గంగాభవాని కుళాయి దగ్గర నలుగురికీ చెప్పింది.

"నోట్లో నాలుక లేని పిల్లనుకున్నామండీ. గుట్టుగా ఎంత పని చేసిందో చూడండి."

ఆ మాట శనివారం సాయంత్రమే ఎలిజబెత్ చెవిన పడింది. జవాబు చెప్పే అలవాటు ఆమెకి లేదు. పైగా అప్పటికి ఆ వైరు ఇంకా పనిచెయ్యడం లేదు.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయాక ఎలిజబెత్ ఎనిమిదేళ్ళు లేసు అల్లింది. నరసాపురం వైపు నుంచి కాపురానికొచ్చిన దానమ్మకి వచ్చిన పని అదే, కూతురికి నేర్పిందీ అదే. తర్వాత ఎలిజబెత్ టైపు నేర్చుకుంది. పాత కంప్యూటరూ ప్రింటరూ సంపాదించి బడులకి ప్రశ్నపత్రాలు చేసిస్తోంది. మేడ మీద ఓనరు తాతాజీ గారి కూతురు అఖిల ఉంటుంది. పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడ్డ పిల్ల. కిందికి రావాలంటే ఎవరో ఒకరు ఎత్తుకు దింపాలి. తండ్రి కొనిపెట్టిన కంప్యూటరు మీద తెలుగు టైపు మాత్రం ఎలిజబెత్ కంటే వేగంగా చేస్తుంది. అందుకని తెలుగులో ఉండే పేపర్లు పైన, ఇంగ్లీషూ లెక్కలూ కింద. పైన టైపు చేసినదాన్ని ఫ్లాపీలో ఎక్కించుకుని ఎలిజబెత్ కిందికి తెచ్చి ప్రింటు తీసేది.

ఆ ఏడు, రెండువేల అయిదు సెప్టెంబరులో, పట్టిన ముసురుకి ఫ్లాపీలు చెమ్మెక్కాయి. పైన తెరుచుకున్న పేపరు కింద తెరుచుకోలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ పేపర్లు చేయించుకునే జోసెఫ్ మాస్టారు కోప్పడే మనిషి కాదు. అరుగు మీదే నిలబడి మెత్తగా చెప్పాడు.

"క్వార్టర్లీ పేపర్లు పదకొండూ సోమవారం పొద్దున్నకి నా చేతికి రావాలమ్మా. లేకపోతే ఇకమీదట ఏలూరులో చేయించుకుంటాను. ఏమీ అనుకోకు."

ఈ పని పోతే ఎలిజబెత్ మళ్ళీ లేసు పట్టుకోగలదు. అఖిలకి మాత్రం ఆ మేడ మెట్లెక్కి తన దగ్గరకి వచ్చే పని ఇంకొకటి లేదు.

శనివారం పొద్దున్నే ఎలిజబెత్ పాసింజరెక్కి ఏలూరు వెళ్ళింది. పైదీ కిందిదీ రెండు కంప్యూటర్లనీ వైరుతో కలపాలంటే, కంప్యూటర్ల కొట్టాయన మంగళవారం మనిషిని పంపిస్తానన్నాడు.

"మంగళవారం వద్దండి. ఒక వైరు మీరు చేస్తుంటే చూస్తాను," అంది.

వైరు లోపల ఎనిమిది సన్నటి తీగలు, ఎనిమిది రంగులు. వాటిని వరసగా పేర్చి, ఒక పక్క నొక్కుడుముక్క ఉన్న చిన్న ప్లాస్టిక్ జాకులోకి తోసి ప్లయరుతో నొక్కాలి. రంగుల వరస రైలు టిక్కెట్టు వెనక రాసుకుంది. ఆయన చేసి చూపించిన పొట్టి వైరుతో పాటు, రెండు కంప్యూటర్లనీ కలిపే చిన్న పెట్టె, పొడుగు వైరు, అయిదు జాకులు కొంది. ప్లయరు ఎరువిమ్మని అడిగి, చేతి గడియారం విప్పి కౌంటరు మీద పెట్టింది.

కిటికీ చట్రానికి తాతాజీ గారే కన్నం పెట్టారు.

"ఇది షాకు కొట్టదు కదమ్మా?"

"కొట్టదండి."

"అయితే నేను పట్టుకుంటాలే."

కింది కొసకి ఒక జాకు, పై కొసకి ఒక జాకు. కింద పెట్టెలో పొట్టి వైరు దీపం ఒక్కటే వెలిగింది, దీనిది వెలగలేదు. పై కొస తెంపి మళ్ళీ చేసింది. లేదు. మళ్ళీ తెంపి మూడోది చేసింది. అదీ అంతే.

"మెట్లు నాకొక్కదానికే పడవనుకున్నానే," అంది అఖిల. "పైకొచ్చేసరికి నీకూ ఏదో అవుతోంది."

ఆదివారం గుడి నుంచి రాగానే ఎలిజబెత్ మేడ మీద మళ్ళీ కూర్చుంది. మిగిలింది ఒక్క జాకు. కాఫీ తెచ్చిన దానమ్మ గుమ్మంలోనే ఆగి కూతురి చేతులకేసి చూసింది.

"ఆగవే. కింద చేసినప్పుడు ఆ నొక్కుడుముక్క ఎటుంది?"

"కిందికి."

"మరిప్పుడు పైకి పెట్టావేం?"

ఎలిజబెత్ తన చేతిని చూసుకుంది. లేసులో ఒక వరస పూర్తయితే అల్లిక తిప్పి పట్టుకుని రెండో వరస మొదలెట్టాలి. వైరు ఒక కొస ముగించి రెండో కొస పట్టగానే చెయ్యి దానంతటదే తిప్పేసింది. రంగుల వరస తప్పలేదు. జాకే తలకిందులుగా ఉంది. మూడుసార్లూ అంతే.

"దీనికి వెనక వరస ఉండదు కాబోలు," అంది దానమ్మ.

ఎలిజబెత్ జాకుని తిప్పి, ప్లయరు రెండు చేతులతో నొక్కింది. కిందికి పరిగెత్తి చూస్తే పెట్టెలో రెండో దీపం పచ్చగా వెలుగుతోంది. కొట్టాయన చెప్పినట్టే కింది కంప్యూటరులో ప్రింటరుని పంచుకునే చోట టిక్కు పెట్టింది. రెండింటికీ ఒకే గుంపు పేరు, వేరువేరు నంబర్లు ఇచ్చింది. పైన ప్రింటర్ల జాబితాలో ఆ పేరు కనిపించేదాకా ఆరుసార్లు మెట్లెక్కి దిగింది. అప్పుడు అఖిల మీట నొక్కింది.

"వస్తోందే అమ్మాయ్, కాగితం వస్తోంది," అని దానమ్మ కింది నుంచి కేకేసింది.

సోమవారం జోసెఫ్ మాస్టారు ఒక్కొక్క పేపరూ తిప్పి చూసి సంచీలో పెట్టుకున్నాడు. "హాఫియర్లీ కూడా మీ దగ్గరేనమ్మా," అన్నాడు.

వీధిలో మాట ఇంకో పది రోజులు నడిచింది. ఆ పదకొండు పేపర్లలో ఏడు అఖిల టైపు చేసి, మేడ దిగకుండా తనే ప్రింటు తీసినవి.