ఎదుటి కొట్టు ఒగ్గరణి

తడిపి పిండిన బొరుగుల మీద ఉల్లిపాయల తాలింపు పడగానే లేచే ఆ వాసన, బళ్ళారిలోని మా వంటింటి నుంచి నన్ను లాక్కుపోయి, కంప్లి బస్టాండు ఎదుట మా నాన్న నడిపిన రేకుల హోటల్లో కూర్చోబెడుతుంది. సీమవాళ్లు ఉగ్గాని అనేదే మాకు ఒగ్గరణి.

వరికోతల కాలంలో, మంచు ఇంకా విడవకముందే, తుంగభద్ర వైపు నుంచి చలిగాలి కొడుతుంటే, దుప్పట్లు కప్పుకున్న రైతులు, కోత కూలీలు, మొదటి బస్సు డ్రైవర్లు మా బల్లల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు. పుట్నాలపొడి చల్లిన ఒగ్గరణి, పక్కన నూనె కారే మిరపకాయ బజ్జీ. పొయ్యి దగ్గర కూలికి వండే ఈరమ్మ. అమ్మ కొడితే నేను పరుగెత్తేది ఆమె దగ్గరికే.

బస్టాండులో ఇంకో హోటల్ లేకపోవడంతో మా నాన్న దర్జా చూడాలి. చట్నీ నీళ్లలా ఉందంటే, "ఇష్టముంటే తినప్పా, లేకుంటే హొసపేటకు పోయి తిను" అనేవాడు. హొసపేట ఎంత దూరమో అందరికీ తెలుసు కనుక తినేవాళ్లు.

తర్వాత ఎదురుగా కొట్రప్ప అనే ఆయన ఇంకో ఒగ్గరణి కొట్టు తెరిచాడు. నాన్న ముందు ధర తగ్గించాడు, ఆ నష్టం పూడ్చుకోవడానికి బజ్జీ సైజు తగ్గించాడు, చివరికి అతనికన్నా త్వరగా వడ్డించాలని బొరుగులన్నీ ముందే నానబెట్టించాడు. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండాలని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పోటీ తలకెక్కిన మా నాన్నకు ఆ పూట తెలియలేదు. "ఏందప్పా ఇది, ఒగ్గరణా సంకటా?" అంటూ రైతులు ప్లేట్లు వదిలేసి రోడ్డు దాటారు.

ఆ మధ్యాహ్నమే ఈరమ్మ మా అమ్మతో, "అక్కా, కొట్రప్ప కూలి ఎక్కువిస్తానంటాండాడు. నాకూ పిల్లోళ్లుండారు గదా" అంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ నాన్న వైపు చూసి, "ఆయమ్మ పోతే పొయ్యికాడ యెవరుండారు? కొట్టు మూసుకోవల్ల" అంది. నాన్న గొణుక్కుంటూనే కూలి పెంచాడు. ఆ తర్వాత బల్లలు రోజూ కడిగించాడు, చట్నీ గట్టిపడింది, బజ్జీ మళ్లీ అరచేయంత అయింది. అడగకుండానే రెండోసారి చట్నీ వేసేవాడు, అదీ నవ్వుతూ. ఎదుట కొట్రప్పా అంతే. ఆ ఏడాది మా బస్టాండులో తిన్నవాళ్లు అదృష్టవంతులని ఇప్పటికీ గట్టిగా చెబుతాను.

కొన్నాళ్లకు కొట్రప్ప కొట్టు మూసేసి అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే నాన్న ఈరమ్మను పిలిచి, "ఇంక పాత కూలేనమ్మా. కాదంటే యాడికి పోతావు?" అన్నాడు. ఆమె "సరేలే అన్నా" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఎదుటి కొట్టు తలుపు తెరుచుకుంది. పొయ్యి ముందు ఈరమ్మ, వడ్డిస్తూ ఆమె మొగుడు. నాన్న నెలంతా తిట్టాడు. మా చట్నీ మాత్రం ఆ నెలలో ఎన్నడూ లేనంత బాగుండేది. నేను బడికి పోతూ ఆమె కొట్టులోనే తినేదాన్ని, నాన్న చూస్తుండగానే.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండు కొట్లూ పోయాయి. ఇప్పుడు నాన్న లేడు, ఈరమ్మా లేదు. మొన్న కంప్లి వెళ్తే బస్టాండు దగ్గర ఒకే ఒక్క హోటల్ కనిపించింది. అద్దాలు, ఫ్యాన్లు, అన్నీ ఉన్నాయి. చిటికెన వేలంత బజ్జీ తెచ్చి పెట్టినాయన్ని ఇంకాస్త చట్నీ అడిగాను. "ఇంతే మేడం, ఎక్స్‌ట్రా లేదు" అని ఫోను చూసుకుంటూ పోయాడు. ఒళ్లు మండి, ప్లేటు వదిలేసి లేచి, రోడ్డుకు అటువైపు చూశాను.

అక్కడ పొడవాటి గోడ తప్ప ఏమీ లేదు. మళ్లీ కూర్చుని తినేశాను.