బెల్లం తిన్న కంప్యూటర్

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. అంచేత నాకు తెలియని సంగతి ఉండదని నాకు గట్టి నమ్మకం. మా ఆవిడకు ఆ నమ్మకం పెళ్లైన వారానికే పోయింది.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. పదిహేనేళ్లు దాటింది. ఆన్ చేసి స్నానం చేసి వస్తే అప్పటికి తెర వెలుగుతుంది. అయినా దాన్ని మార్చలేదు. నాతోపాటు ముసలిదైన వస్తువుని పారేస్తే రేపు నన్నేం చేస్తారో అని ఒక భయం.

దాన్లో మా వదిన పాటలున్నాయి. వదినంటే మా ఆవిడ అక్క, నక్కపల్లిలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లైనా నలుగు పాట ఆవిడ ఎత్తుకోవలసిందే. పదేళ్ల కిందట ఒక వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు మైకు ముందు కూర్చోబెట్టి పదకొండు పాటలు రికార్డు చేశాను. రెండేళ్ల కిందట ఆవిడ గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడేం చెప్పాలన్నా చిన్న నోట్‌బుక్‌లో రాసి చూపిస్తుంది. మొన్న దసరా వెళ్లాక వారం రోజులుందామని మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, నోట్‌బుక్ నా ముందు పెట్టింది.

'నా పాటలు ఓపాలి ఇనిపించు మరిదీ.'

ఆ పాటలు ఇంకెక్కడా లేవు. కాపీ తీసి పెట్టమని మా ఆవిడ ఏళ్ల తరబడి పోరుతూనే ఉంది. "ఎక్కడికి పోతాయే, హార్డ్ డిస్క్ ఇనపది" అని నేను కొట్టిపారేస్తూనే ఉన్నాను.

ఆన్ చేశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. డిస్కు చదవడం కుదరడం లేదట. లోపల టక్కు టక్కుమని చప్పుడు. ఆపి మళ్లీ ఆన్ చేశాను. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. నెత్తి మీద ఒకటి మొట్టాను. ఏం చేసినా అవే అక్షరాలు. వదిన కుర్చీ దగ్గరికి లాక్కుని నా మొహం చూస్తూ కూర్చుంది.

రిపేరు షాపతనికి ఫోన్ చేశాను. "ఇంక ముట్టుకోకండి మాస్టారూ. రేపొచ్చి సూత్తాను" అన్నాడు. ముట్టుకోవద్దట. నా ఇంట్లో నా కంప్యూటర్ని.

సాయంత్రం మా చెల్లెలి భర్త వచ్చాడు. బెల్లం మార్కెట్లో దళారీ. దిమ్మ మీద వేలితో కొట్టి, వాసన చూసి, సరుకు ఎన్నాళ్లు నిలవుంటుందో చెప్పేస్తాడు. కంప్యూటర్ పెట్టెకీ అదే వైద్యం చేశాడు. వేలు మడిచి రెండుసార్లు కొట్టాడు, చెవి ఆనించాడు, ముక్కు పెట్టాడు.

"సరుకు మంచిదే బావా. తేమ తగిలింది. ఓ రోజు ఎండలో ఎట్టు."

నేను కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. హార్డ్ డిస్క్ అనగానేమి అని ఒక పావుగంట పాఠం కూడా చెప్పాను. పాపం, ఓపిగ్గా విని టీ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న, షాపతను రాకముందే, ఇంకొక్కసారి చూద్దామని ఆన్ చేశాను. ఈసారి అది ముందుకు కదిలి ఒక ప్రశ్న అడిగింది. డిస్కులో తప్పులున్నాయి, సరిచెయ్యమంటారా, వద్దా? ముప్పై ఏళ్లు ఎర్రసిరా పెన్ను పట్టినవాణ్ణి పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అది? చెయ్యమన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెయ్యమన్నాను. తెర మీద అంకెలు పరుగెత్తాయి. పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాను. గంట తర్వాత కంప్యూటర్ బుద్ధిగా తెరుచుకుంది. విజయగర్వంతో వదిన వైపు చూసి పాటల ఫోల్డర్ తెరిచాను.

ఫోల్డర్ ఖాళీ. ఇంకోచోట పేర్లు పోయి ఉత్త నంబర్లతో బోలెడు ముక్కలు పడున్నాయి. ఏది నొక్కినా బరబరమని శబ్దం.

షాపతను వచ్చి పెట్టె మూత విప్పాడు. చీమలు. ఒకటీ అరా కాదు, బారులు.

"ఏటండి మాస్టారూ, ఇది కంప్యూటరా, బెల్లం కొట్టా?"

ఏటా ఆయుధపూజకి ఊళ్లో లారీకీ కాటాకీ పూజ చేసినట్టే నేనూ కంప్యూటర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, నెత్తిన ఒక బెల్లం ముక్క నైవేద్యం పెడతాను. అనకాపల్లిలో పుట్టి దేవుడికి పంచదార పెడతామా? ఈ ఏడు దసరా వెంటనే వానలు పట్టుకున్నాయి. నేను ఆ ముక్క తియ్యడం మర్చిపోయాను. ముక్క కరిగి, పైనున్న కన్నాల్లోంచి లోపలికి దిగింది.

"డిస్కుకేటీ అవలేదండి. వైరు మూతి కాడ పాకం సేరింది. తుడిసేత్తే సరిపోను. మరి సరిసెయ్యమంటారా అనడిగితే మీరేటన్నారు? ఆ సరిసెయ్యడంలోనే పాటలు ముక్కలైపోనాయి."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింది. వదిన నోట్‌బుక్ మూసి చేతిసంచిలో పెట్టుకుంది. ఆవిడ ఒక్క మాట రాసి తిట్టినా బాగుండేది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

డిస్కు షాపుకి వెళ్లింది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డిస్తుంది, మజ్జిగ పోస్తుంది, నోరు విప్పదు. ఇంట్లో మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నాకూ ఏం తోచక పేపరు పైకి చదివేవాణ్ణి.

నాలుగు రోజుల తర్వాత షాపతను పెన్‌డ్రైవ్ తెచ్చాడు. "పాటలన్నీ పోనాయండి. ఒక్కటి నిలబడింది గానీ, అది పాట కాదు" అన్నాడు. డిస్కు కొత్త వైరుతో మళ్లీ బిగించి, పెన్‌డ్రైవ్ పెట్టి, వెళ్లిపోయాడు. వదిన వచ్చి పక్కన కూర్చుంది. మా ఆవిడ వంటింట్లో ఉంది. నేను నొక్కాను.

మొదట ఫ్యాను చప్పుడు. తర్వాత ఎవరో దగ్గారు. తర్వాత వదిన గొంతు.

"పెట్టేసేవా మరిదీ? ఏటి, ఇందులోకే మాటాడాలా? నానేటి మాటాడతాను? ముందా ఫ్యాను కట్టెయ్, నా పాటకంటే అదే గట్టిగా పాడతంది. ఒలే సెల్లీ, పొయ్యి మీద పాలెట్టేవు. పొంగిపోతన్నాయి, సూడు."

"సూత్తన్నానక్కా" అంది వంటింట్లోంచి మా ఆవిడ. రికార్డులో కాదు, ఇప్పుడు.

రికార్డు అక్కడితో ఆగిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడూ ఆగిపోయింది. వదిన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మా ఆవిడ తడిచేతులతో వచ్చి వాళ్లక్క భుజం పట్టుకుని నిలబడింది. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను.

"ఇంకోపాలి ఎట్టండి" అంది మా ఆవిడ నాతో.